పటమును చూచువాడెవడు? : చిత్రము నాటకమగు విధము

1

చిత్రమును చూచి నాటకమును వ్రాయవచ్చునా యను ప్రశ్న నాటకరచనను బోధించువారికి క్రొత్తది కాదు. విద్యార్థుల యెదుట ఒక చిత్తరువు నుంచి, అందలి వ్యక్తులకు పేర్లు పెట్టి, వారిచేత మాటలాడింపుడని చెప్పుట ఒక అభ్యాసముగా పలుచోట్ల నడుచుచున్నది. అభ్యాసము మంచిదే. కాని ఫలితము తఱచుగా ఒకే రీతిగా నుండును. చిత్రములోని స్త్రీ తాను దీపము పట్టుకొని నిలిచియున్నానని చెప్పును. ప్రక్కనున్న వృద్ధుడు ఆమె యేల నిలిచినదో చెప్పును. కనబడునదంతయు మాటలలోనికి వచ్చిన తోడనే నాటకము నిలిచిపోవును. ఇది కేవలము రచయితయొక్క శక్తిలోపమువలన కలుగునది కాదు. ప్రశ్నను సరిగా వేయకపోవుటవలన కలుగునది. "ఈ చిత్రములో ఏమున్నది?" అని యడిగినవానికి వర్ణనము లభించును. "ఈ చిత్రమును ఎవరు చూచుచున్నారు? చూచుటవలన వారికేమగును?" అని యడిగినవానికి నాటకము లభించును. ఈ రెండవ ప్రశ్నయే ప్రధానమని, మన ప్రాచీన నాటకకర్తలును తెలంగాణమునందలి పటముకథకులును దీనిని చక్కగా నెఱిగియుండిరని, ఆ యెఱుక నేడు మన చేతినుండి జారిపోవుచున్నదని చూపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ విచారమునకు దూరదేశములకు పోవలసిన పని లేదు. హైదరాబాదు నగరమున బోరబండ రైలు స్టేషనులో నిలిచినచో చాలును. అచ్చటినుండి పడమరగా పోవు బండి హైటెక్ సిటీ, హఫీజుపేట, చందానగరములను దాటి లింగంపల్లి చేరును. ఈ దారికి చేరువలో మాదాపురమున శిల్పారామము కలదు. అందు చేర్యాల చిత్రములు చట్రములలో బిగింపబడి అమ్ముడగుచుండును. దారికొనయందు లింగంపల్లిప్రాంతమున సురభి నాటకకుటుంబముల నివాసము కలదు. వారి చిత్రితమైన తెరలు నేటికిని రంగమున వ్రేలాడుచున్నవి. సమీపమున గచ్చిబౌలియందు 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయము కలదు. అందు రంగస్థలకళయు చిత్రకళయు ఒకే పాఠశాల క్రింద రెండు శాఖలుగా బోధింపబడుచున్నవి. ఒకచోట చిత్రము వస్తువు, ఒకచోట తెర, ఒకచోట పాఠ్యాంశము. మూడును అరగంట ప్రయాణములో నున్నను, వాని నొకదానితో నొకటి కలిపి ఆలోచించు అలవాటు మనకు తక్కువ. అద్దములమేడల నడుమ సాగు ఈ కొద్ది దూరముననే మన ప్రశ్నకు కావలసిన సామగ్రి యంతయు పరచియున్నది. దానిని వినియోగించుకొనుటకు ముందు ప్రాచీనులు చిత్రమును రంగమునకు ఎట్లు తెచ్చిరో పరిశీలింతము.

2

చిత్రకళకును నాట్యమునకును గల సంబంధమును మన శాస్త్రములు గుర్తించినవి. విష్ణుధర్మోత్తరపురాణము తృతీయఖండమున మార్కండేయుడు వజ్రునకు చిత్రవిద్యను ఉపదేశించుచు, నృత్తశాస్త్రము తెలియనివానికి చిత్రసూత్రము తెలియుట కష్టమని చెప్పెను. చిత్రకారునకు నాట్యపరిజ్ఞానము కావలెనని దీని భావము. నాటకకర్తకు చిత్రము ఎందులకు కావలెనో శాస్త్రకారు లంత స్పష్టముగా చెప్పలేదు. దానిని నాటకకర్తలు ప్రయోగమున చూపిరి.

భాసునివిగా ప్రసిద్ధములైన రూపకములు 1912 మొదలుకొని తిరువనంతపురమున గణపతిశాస్త్రిగారి సంపాదకత్వమున వెలువడినవి. వానిలో దూతవాక్యము ఒకే యంకము గల వ్యాయోగము. పాండవుల దూతగా కృష్ణుడు వచ్చుచున్నాడని విన్న దుర్యోధనుడు, అతడు ప్రవేశించునప్పుడు సభలో లేచి నిలిచినవానికి పండ్రెండు సువర్ణభారముల దండము విధింతునని శాసించును. తాను లేవకుండుట కొక యుపాయము కావలెను. ద్రౌపదీ కేశాంబరాకర్షణమును చిత్రించిన పటమును తెప్పించి, దానిని చూచుచు కూర్చుండును. దుశ్శాసనుడు కేశములు పట్టిన తీరును, భీముని క్రోధమును, ధర్మరాజు వారించుటను, ద్రోణభీష్ములు సిగ్గుతో ముఖములు కప్పుకొనుటను ఒక్కొక్కటిగా చూచి సంతోషించును. చిత్రకారుని వర్ణసంపదను మెచ్చుకొనును. అంతలో కృష్ణుడు ప్రవేశించును. సభాసదులు లేతురు. శాసించినవాడే ఆసనమునుండి జారిపడును. కృష్ణుని దృష్టి పటముపై పడును. స్వజనమునకు జరిగిన అవమానమును పరాక్రమముగా తలంచు మూఢుని చేష్ట యని గ్రహించి, దానిని తొలగింపుమనును.

ఇందు గమనింపవలసిన దొకటి కలదు. చిత్రములోని వస్తువు మహాభారతకథను ఎఱిగిన ప్రేక్షకునకు క్రొత్తది కాదు. అందలి వర్ణనము కథను ఒక్క యడుగైనను ముందునకు నడపదు. నడపునది చూచుటయే. ఒకే పటమును ఇద్దఱు చూచిరి. ఒకనికి అది విజయచిహ్నము, మఱియొకనికి అది నేరమునకు సాక్ష్యము. రెండు చూపుల నడుమ గల యంతరమే కురుక్షేత్రము. సంధి పొసగదని మాటలాడకముందే ప్రేక్షకునకు తెలిసిపోయినది. మన తెలుగు రంగస్థలమున తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగవిజయములలోని రాయబారఘట్టమునకు గల ప్రసిద్ధి యెల్ల రెఱిగినదే. అచ్చట బలమంతయు పద్యమునందును, దానిని పలుకు నటుని కంఠమునందును కలదు. భాసుడు అదే సన్నివేశమున కంఠమునకు ముందు కన్నును నిలిపెను. ఏది గొప్ప యని తీర్పు చెప్పుటకు ఈ పోలిక తేలేదు. పద్యము చేయు పనిలో కొంత భాగమును పటము చేయగలదని మాత్రమే దీనివలన తెలియుచున్నది.

ప్రతిమానాటకము మూడవయంకమున ఉపాయము వేఱు. మేనమామ యింటినుండి అయోధ్యకు తిరిగివచ్చుచున్న భరతుడు నగరము వెలుపల ప్రతిమాగృహమున ఆగును. తండ్రి మరణము అతనికి తెలియదు. దేవకులికుడు దిలీపుని, రఘువును, అజుని ప్రతిమలను పేర్కొనును. నాలుగవ ప్రతిమ దశరథునిది. భరతుడు పోల్చుకొనియు పోల్చుకొననట్లు మరల మొదటినుండి అడుగును. తుదకు, జీవించియున్నవారికి గూడ ప్రతిమలు నిలుపుదురా యని ప్రశ్నించును. నిలుపరని ప్రత్యుత్తరము వచ్చును. శిల్పము ఇచ్చట వార్తను తెచ్చినది. కాని ఆ వార్త తెలియుటకంటె, తెలిసికొనకుండుటకై కుమారుడు చేయు ప్రయత్నమే కరుణరసమును పోషించుచున్నది. ప్రతిమ కదలదు. చూచువాడు వెనుకకు ముందునకు కదలుచున్నాడు. ఆ కదలికయే నాటకము.

ఉత్తరరామచరితము ప్రథమాంకమునందలి చిత్రదర్శనము ఈ మార్గమున పరాకాష్ఠ. అర్జునుడను చిత్రకారుడు లిఖించిన రామకథను లక్ష్మణుడు సీతారాములకు చూపును. సీత యగ్నిశుద్ధివఱకు కథ చిత్రితమై యున్నది. సీత యూర్మిళను చూపి ఈమె ఎవరని పరిహాసముగా నడుగగా, లక్ష్మణుడు సిగ్గుపడి చూపును వేఱొకచోటికి మరల్చును. మంథర కనబడినచోట రాముడు బదులు చెప్పక ముందునకు సాగును. శూర్పణఖను చూచి సీత భయపడగా, ఇది చిత్రమే యని రాముడు ధైర్యము చెప్పవలసివచ్చును. ఎవరు దేనిని చూచి ఆగిరో, ఎవరు దేనిని దాటిపోయిరో భవభూతి యెంతయో శ్రద్ధతో కూర్చినాడు. ఈ దర్శనమువలననే గర్భవతియైన సీతకు అరణ్యములను, భాగీరథిని మరల చూడవలెనని కోరిక కలుగును. రథము సిద్ధము చేయుమని రాముడు చెప్పును. ఆమె నిద్రించుచుండగా దుర్ముఖుడు లోకాపవాదమును తెచ్చును. కోరిక తీర్చుటకు సిద్ధమైన రథమే పరిత్యాగమునకు వాహనమగును. జరిగిపోయిన దుఃఖమును సురక్షితముగా చూచుచున్నామని తలంచినవారికి ఆ చూచుటయే రాబోవు దుఃఖమునకు ద్వారమైనది. ఈ నాటకము వేదము వేంకటరాయశాస్త్రి, జయంతి రామయ్యపంతులు మొదలగువారి యాంధ్రీకరణములద్వారా మన సాహిత్యవిద్యార్థులకు చిరపరిచితము. కాని చిత్రదర్శనమును పూర్వకథాసూచనకు సాధనమని చెప్పి ముగించుట మన బోధనలో ఆచారమైనది. కథాసూచనమే ప్రయోజనమైనచో విష్కంభము చాలును, చిత్రములు అక్కరలేదు.

3

తెలుగున ఈ దృష్టికి పూర్వాధారము లేకపోలేదు. మనకు దొరకిన ప్రాచీనమైన తెలుగు వీథి క్రీడాభిరామము. దీని కర్తృత్వమునుగూర్చి, వినుకొండ వల్లభరాయనిదని యొకరును శ్రీనాథునిదని యొకరును వాదించుట పండితు లెఱిగినదే. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము దీనికి మూలము. గోవిందమంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగల్లు వీథులలో ఒక దినమెల్ల తిరుగుచు కనబడిన దానినెల్ల చెప్పుకొందురు. ఆ తిరుగుటలో మాచల్దేవి చిత్రశాలాప్రవేశ మొకటి. దేవతలయు మునులయు శృంగారకథలు ఆ చిత్రములకు వస్తువు.

ఈ ఘట్టమును కాకతీయుల కాలపు చిత్రకళకు చారిత్రకాధారముగా పరిశోధకులు విరివిగా వాడుకొనిరి. అది న్యాయమే. అయితే నాటకదృష్టితో చూచినచో మఱియొక యంశము కనబడును. చిత్రములను చూచువాడు భోగాసక్తుడైన బ్రాహ్మణుడు. చిత్రము లున్నది వేశ్యయింట. దేవతల చపలత్వమును గోడలపై చిత్రింపించుట ఆ యింటి వృత్తికి పురాణసమర్థనము. దానిని మెచ్చుకొనుట చూచువాని తిరుగుడునకు సమర్థనము. చిత్రములను అచ్చటినుండి తీసి యొక దేవాలయమండపమున నుంచినచో ఆ సన్నివేశమునందలి పరిహాసమంతయు నశించును. చిత్రార్థము చిత్రములోనే యుండక, అది వ్రేలాడు గోడయందును, దానిని చూచు వానియందును గూడ నుండునని మన మొదటి వీథియే చెప్పుచున్నది.

4

ఇంతవఱకు చెప్పినది కావ్యపరంపర. దీనికి సమాంతరముగా జనపదములందు పటముకథల పరంపర నడచినది. ముద్రారాక్షసము ప్రథమాంకమున చాణక్యుని చారుడు నిపుణకుడు యమపటమును చేతబట్టి పాడుచు ఇండ్లలో ప్రవేశించి, చందనదాసుని యింట రాక్షసుని ముద్రికను సంపాదించును. పటము చూపువాడు ఏ యింటనైనను అడ్డులేక ప్రవేశింపగలిగిన కాలమది. అతని వెంట ఇంటిల్లపాది చూపును పటముమీదికి పోవును. ఇంటిలోనివానిమీద అతని చూపు నిలుచును. విశాఖదత్తుడు ఈ రెండు చూపుల వ్యత్యాసమును తన రాజనీతినాటకమునకు కీలకముగా చేసికొనెను.

తెలంగాణమున ఈ వృత్తి నకాషీ చిత్రకారులకును పటముకథకులకును నడుమ విభజింపబడి యున్నది. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలో నుండి 2016 నుండి సిద్ధిపేట జిల్లాలో చేరిన చేర్యాల ఈ నకాషీలకు ప్రధానస్థానము. ముదుక ఖద్దరుగుడ్డకు చింతగింజల అంబలి, గంజి, సుద్ద, జిగురు కలిపిన పూతలు పూసి ఆరవైతురు. ఆరిన నేలమీద ఉడుతవెండ్రుకల కుంచెతో రూపములు వ్రాసి, వెనుకభాగమును ఎఱ్ఱరంగుతో నింపుదురు. సుమారు మూడడుగుల వెడల్పున, కథనుబట్టి నలువది యడుగులకు పైగా గూడ పటము సాగును. పొడవుగా సాగు ఆ పటమును అడ్డపట్టీలతో గదులుగా విభజింతురు. కథకుడు దానిని కఱ్ఱలకు కట్టి, చుట్ట విప్పుచు, చేతికఱ్ఱతో చూపుచు, పాటయు వచనమును కలిపి రాత్రులపర్యంతము కథ చెప్పును.

కథ అందఱికొఱకు చెప్పునది కాదు. కాకిపడగలవారు ముదిరాజులకు పాండవులకథ చెప్పుదురు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ భావనారుషుల పురాణము చెప్పుదురు. డక్కలివారు మాదిగలకు జాంబపురాణము చెప్పుదురు. మందహెచ్చులవారు గొల్లలకు కాటమరాజుకథను పటముతో గాక కొయ్యబొమ్మలతో చెప్పుదురు. ప్రతి యాశ్రితకులమునకును అడుగుటకు హక్కు గల గ్రామములు, ఇచ్చుటకు బాధ్యత గల దాతృకులము నిర్ణయింపబడి యుండెను. ఆ హక్కు పటముతోపాటు వారసత్వముగా సంక్రమించెడిది.

లెస్సింగు 1766లో ప్రకటించిన లావోకోన్ అను గ్రంథమున, చిత్రము స్థలమునందు ప్రక్కప్రక్కన నుండు వస్తువులను, కవిత్వము కాలమునందు ఒకదాని వెంట నొకటిగా జరుగు క్రియలను చూపునని విభాగము చేసెను. చేర్యాలపటము ఈ విభాగమునకు లొంగదు. చుట్టలో నున్నంతవఱకు రాబోవు కథ ప్రేక్షకునకు కనబడదు. విప్పినకొలది కాలము గడచును. ఒకే వీరుడు గది వెంబడి గదిలో మరల మరల కనబడును. ఎచ్చట ఆగవలెనో, ఏ గదిని త్వరగా దాటవలెనో కథకుడు సభను చూచి నిర్ణయించుకొనును. భవభూతి రామునిచేత మంథరను దాటించిన నేర్పు ఇదియే.

ఇది కథాకథనమే గాని నాటకము కాదని ఆక్షేపింపవచ్చును. పాత్రధారులు పలువురు లేరు, వేషము లేదు, అంకవిభాగము లేదు. నిజమే. కాని నాటకమునకు ప్రాణమైన దొకటి ఇచ్చట సంపూర్ణముగా నున్నది. చూచువాడు తటస్థుడు కాడు. పటములో నున్నది అతని కులముయొక్క జన్మవృత్తాంతము. తన పూర్వులు ఎట్లు పుట్టిరి, ఏ వరమువలన ఈ వృత్తి వచ్చినది, ఏ శాపమువలన ఈ స్థితి కలిగినది యనునది యందు లిఖితమై యున్నది. పెద్దకులములవారి పురాణములలో తమకు చోటులేని వారికి ఈ పటము ప్రతిపురాణము, సాక్ష్యపత్రము. జాంబపురాణమును డక్కలివాడు విప్పినప్పుడు సభలో కూర్చున్నవాడు వినోదమునకై మాత్రమే చూడడు. తన గౌరవమునకు ఆధారమును చూచుచుండును. దుర్యోధనునకు ద్రౌపదీపటముతో, భరతునకు దశరథప్రతిమతో ఎట్టి సంబంధము గలదో, ఇతనికి ఈ పటముతో అట్టి సంబంధమే గలదు. జీర్ణమైన పటమును పారవేయక శాస్త్రోక్తముగా నదిలో కలుపు ఆచారమునకు కారణమిదియే.

నేడు ఈ సంబంధము సడలినది. దాతృకులములవారు గ్రామములు విడిచి నగరములకు వచ్చిరి. రాత్రియెల్ల కూర్చుండి వినుటకు తీరిక తగ్గినది. పటము వ్రాయింపుమని యడుగు కథకులు తగ్గిరి. చేర్యాలచిత్రములకు భౌగోళికసూచిక గుర్తింపు లభించినది. ధనాలకోట వంశమువారివంటి కళాకారులకు జాతీయపురస్కారములు వచ్చినవి. కాని ఇప్పుడు కొనువాడు గోడకు సరిపోవు ఒక్క గదిని కోరుచున్నాడు. కల్లుగీయు స్త్రీపురుషులు, బోనమెత్తిన యువతి, ఏకతారను పట్టిన గాయకుడు. ఈ మార్పును నిందించుట మన పని కాదు. నకాషీకుటుంబము బ్రదుకవలెను, చట్రములోని చిన్నచిత్రమే ఆ చేతిపనిని ఈనాటికి నిలిపినది. అయితే పోయినదేమో స్పష్టముగా చెప్పుకొనవలెను. రంగులు పోలేదు, రేఖ పోలేదు. పోయినవి రెండు: ప్రక్కనున్న గది, ఎదుటనున్న మనుష్యుడు. ముందువెనుకలు లేని గది కథ కాదు. సంబంధములేని చూపు నాటకమునకు పనికిరాదు. తరగతిలో విద్యార్థి యెదుట నుంచు చిత్రము కూడ ఇట్లు విడదీసిన గదియే. మొదట చెప్పిన అభ్యాసము విఫలమగుటకు ఇది ప్రధానకారణము.

5

బోరబండనుండి దారికొనయందలి లింగంపల్లికి వత్తము. సురభి సమాజమునకు మూలపురుషుడు వనారస గోవిందరావు. 1885లో కడపజిల్లా సురభి గ్రామమున కీచకవధను ప్రదర్శించుటతో ఈ పరంపర మొదలైనది. 1937లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి ఇందలి ప్రసిద్ధశాఖ. వీరి రంగమున చిత్రకళకు గల స్థానము సామాన్యమైనది కాదు. రాజసభ, అంతఃపురము, ఉద్యానము, వీథి, అరణ్యము మొదలగునవి తెరలుగా చిత్రింపబడి, పైనుండి దిగుచు లేచుచు నుండును. పందొమ్మిదవ శతాబ్దియందు పారసీ, ధార్వాడ నాటకసమాజములనుండి తెలుగునకు వచ్చిన పద్ధతి యిది. ఆ పౌరాణికరంగముయొక్క వేషభూషణములకును రవివర్మ (1848–1906) చిత్రములకును గల పరస్పరసంబంధము ప్రసిద్ధము. 1894లో స్థాపితమైన అతని ముద్రణాలయమునుండి వెలువడిన రంగుపటములు ఇంటింటికిని చేరగా, దేవతయన నెట్లుండునో ప్రేక్షకుడు రంగమునకు రాకముందే నిర్ణయించుకొనియుండెను.

ఇచ్చట చిత్రము చేయు పని పటముకథకు భిన్నము. ఉద్యానపుతెర ముందు నిలిచిన శశిరేఖ ఆ తెరను చూడదు; చూచినచో అది తెరయని బయటపడును. చిత్రము ఆమెకు చోటు, ప్రేక్షకునకు భ్రమ. అందుచేత దీనికి నాటకరచనతో సంబంధము లేదని తలంపరాదు. ముందుతెర దించి కొద్దిపాటి చోటులో హాస్యమునో సంభాషణమునో నడపుచుండగా, వెనుక దర్బారును సిద్ధపఱతురు. ఇట్టి రంగమునకు వ్రాయువాడు నిస్సారమైన చిన్నరంగమును, విస్తారమైన పెద్దరంగమును మార్చిమార్చి కూర్పవలసివచ్చెను. అనగా తెర సన్నివేశముల లయను నిర్ణయించినది. చిత్రము రచయితకు వస్తువును గాక నిర్మాణమును ఇచ్చినదన్నమాట. బి.వి. కారంత్ సురభి నటులతో పనిచేసి, బ్రెహ్ట్ నాటకమునుండి 'బస్తీ దేవత యాదమ్మ'ను తీర్చినప్పుడు, పౌరాణికపుతెరల కలవాటుపడిన సమాజము సమకాలిక బస్తీజీవితమునుగూడ మోయగలదని తెలిసినది.

పటమునకును తెరకును గల భేదము ఇప్పుడు స్పష్టము. పటమును పాత్రయో కథకుడో చూచును. తెరను ప్రేక్షకుడు మాత్రమే చూచును. నేటి తెలుగునాటకమున చిత్రకళ యనగా రంగాలంకరణమే యని తలంచుట, తెరనొక్కదానిని నిలుపుకొని పటమును మఱచుటవలన కలిగినది.

6

ఆధునిక పాశ్చాత్యనాటకమునందలి నిదర్శనములు గూడ ఈ విషయమునే బలపఱచుచున్నవి. సామ్యూల్ బెకెట్ తన 'గోడో కొఱకు నిరీక్షణము' (ప్రథమప్రదర్శనము 1953) జర్మను చిత్రకారుడు ఫ్రీడ్రిఖ్ చిత్రమునుండి పుట్టినదని స్వయముగా చెప్పియున్నాడు. ఆ చిత్రమున మనుష్యులు మనకు వీపు చూపి నిలిచి చంద్రుని చూచుచుందురు. నాటకమునందు వారి దుస్తులు లేవు, ఆ కొండదారి లేదు. మిగిలినవి ఒక చెట్టు, ఉదయించు చంద్రుడు, దేనికొఱకో చూచుచున్న ఇద్దఱు. రచయిత చిత్రమునుండి గ్రహించినది దృశ్యమును కాదు, చూచుటను. 1984 నాటి 'సండే ఇన్ ది పార్క్ విత్ జార్జ్' అను సంగీతనాటకము, సొరా చిత్రించిన నదీతీరపు ఆదివారమునకు వెనుక నున్న చిత్రకారునే పాత్రగా నిలిపి, అతడు చూచుచు మనుష్యులకు దూరమగు తీరును వస్తువుగా గ్రహించెను. యాస్మినా రెజా 1994లో ప్రదర్శింపజేసిన 'ఆర్ట్' నాటకమున చిత్రము ఇంచుమించు తెల్లని పలక. అందు చూచుట కేమియు లేదు. దానిని అధికమూల్యమునకు కొనిన మిత్రునకును, మిగిలిన ఇద్దఱు మిత్రులకును పుట్టిన కలహమే నాటకము. చిత్రములోని వస్తువే నాటకమునకు బీజమైనచో ఈ రచనకు బీజమే లేదనవలసివచ్చును.

7

పై పరిశీలనమువలన తేలిన యంశములను బోధనకును పరిశోధనకును అన్వయించుకొనవలెను.

మొదటిది, నాటకరచనాభ్యాసమున చిత్రము నిచ్చునప్పుడు చూచువానినిగూడ ఇచ్చుట. బోనమెత్తిన యువతి చిత్రమును వర్ణింపుమనుటకంటె, ఆ చిత్రమును వ్రాసిన నకాషీవాడును, దానిని తన క్రొత్తయింటి గోడకై కొను ఉద్యోగియు, చిన్ననాడు బోనమెత్తి ఇప్పుడు ఆ యింట పనిచేయు స్త్రీయు ఒకేసారి దానిని చూచుచున్నారని భావించి వ్రాయుమనుట మేలు. మువ్వురి చూపులు మూడు. బోరబండ బస్తీలకును హైటెక్ సిటీ మేడలకును నడుమ ఇట్టి మువ్వురు ఒకే గదిలో కలిసికొనుట ఊహకు దూరమైనది కాదు. అందు కలహమున్నది, సిగ్గున్నది, చెప్పరాని జ్ఞాపకమున్నది. చిత్రము మాఱకుండగనే చూచువారు మాఱుదురు.

రెండవది, పటముకథల వాచకములను సేకరించునప్పుడు పాటను మాత్రమే వ్రాసికొనక, ఏ మాటవద్ద కఱ్ఱ ఏ గదిపై నిలిచినది, ఏ గదిని కథకుడు దాటెను, సభలో ఎవరు ఎప్పుడు ఏమనిరి యనునది గూడ నమోదు చేయుట. పటములు వస్తుశాలలలో భద్రముగా నున్నవి. పాఠములు గ్రంథములలో నున్నవి. రెంటిని కలుపు చేతికఱ్ఱయొక్క నడక ఎచ్చటను లేదు. నాటకశిల్ప మున్నది ఆ నడకలోనే. దానిని తెలిసిన కథకులు నేడు వృద్ధులు. వారి తరువాత పటము మిగులును గాని దానిని చదువు విధము మిగులదు.

మూడవది, ఉత్తరరామచరితమును, దూతవాక్యమును, క్రీడాభిరామమును తెలుగుశాఖలలో బోధించునప్పుడు చిత్రఘట్టములను అలంకారములుగా గాక రంగవ్యాపారములుగా వివరించుట. ఇందుకు చిత్రకళాశాఖవారిని, రంగస్థలశాఖవారిని తరగతికి పిలుచుట కష్టము కాదు. ఒకే ప్రాంగణమున నున్నవారు ఒకే పటము ముందు కూర్చుండుటకు క్రొత్త శాస్త్ర మక్కరలేదు.

చిత్రము నాటకమునకు ప్రేరణ యగునా యను ప్రశ్నకు మన పూర్వులిచ్చిన సమాధాన మిది: అగును, దానివలన నష్టపోవువాడో, గౌరవము పొందువాడో, నిజము తెలిసికొనువాడో దాని యెదుట నిలిచినప్పుడు. రచయిత మొదట ఆ మనుష్యుని వెదకవలెను.